ఫైబ్రాయిడ్లు తిరిగి వచ్చినప్పుడు ఆపరేషన్ విషయంలో నిర్ణయానికి రావడం ఎలా?

ఒకసారి ఆపరేషన్‌తో ఫైబ్రాయిడ్లు తీయించుకున్న స్త్రీకి మూడు నాలుగేళ్ల తర్వాత స్కాన్‌లో మళ్ళీ గడ్డలు కనబడితే, ఇంట్లోనైనా ఆస్పత్రిలోనైనా సాధారణంగా వినబడే మాట ఒకటుంది: "ఈసారి గర్భసంచి తీయించేసుకుంటే పీడ వదిలిపోతుంది." కొందరి విషయంలో అది నిజంగానే సరైన సలహా. చాలామంది విషయంలో మాత్రం, వేరే దారులు చూడకముందే వచ్చేసిన మాట. మీరు ఈ రెంటిలో ఏ కోవకు చెందుతారో తేల్చుకోవడానికి ఏ వరుసలో ఏమేమి తెలుసుకోవాలో, డాక్టరును ఏమడగాలో కింద వివరిస్తున్నాను. మిమ్మల్ని పరీక్షించిన డాక్టరు సలహాకు ఇది బదులు కాదు. ఆ సలహాను అర్థం చేసుకుని, మీ తరఫున మీరు మాట్లాడటానికి తోడ్పడేది మాత్రమే.

అయితే కొన్ని సందర్భాల్లో ఆలోచిస్తూ కూర్చోకూడదు. గంటకొక ప్యాడ్ నిండా తడుస్తూ రెండు గంటలకు మించి అలాగే సాగినా, లేచి నిలబడితే కళ్ళు తిరిగినా, మూత్రం బయటికి రాక ఆగిపోయినా, జ్వరంతో కూడిన తీవ్రమైన పొత్తికడుపు నొప్పి వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. నెలసరి పూర్తిగా ఆగిపోయిన తర్వాత రక్తం కనబడినా, గడ్డ పెరిగినా ముందు క్యాన్సర్ లేదని నిర్ధారించుకోవాలి. మిగతా లెక్కలన్నీ ఆ తర్వాతే.

1. "తిరిగి వచ్చింది" అంటే ఏమిటో తేల్చుకోండి

ఫైబ్రాయిడ్ అనేది గర్భాశయపు కండరంలో పుట్టే, క్యాన్సర్ కాని గడ్డ. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల ఆసరాతో పెరుగుతుంది. నెలసరి ఆగిపోయాక సాధారణంగా కుంచించుకుపోతుంది. గర్భసంచిని ఉంచి గడ్డలను మాత్రమే తీసే ఆపరేషన్‌ను మయోమెక్టమీ అంటారు. అందులో సర్జన్ తన కంటికి కనబడినవీ, చేతికి తగిలినవీ తీయగలరు గాని, ఆవగింజంత పరిమాణంలో కండరంలో దాగి ఉన్నవాటిని తీయలేరు. మొదటిసారి ఒకే గడ్డ ఉన్నవారికంటే అనేక గడ్డలు ఉన్నవారిలోనూ, మెనోపాజ్‌కు (నెలసరి శాశ్వతంగా ఆగిపోయే దశకు) ఇంకా చాలా ఏళ్లున్న చిన్న వయసు వారిలోనూ మళ్ళీ కనబడే అవకాశం ఎక్కువ. ఇది మీరు తిన్న తిండివల్లనో, బరువులు ఎత్తినందువల్లనో జరిగింది కాదు, మొదటి సర్జన్ చేతకానితనమూ కానక్కరలేదు.

అందువల్ల ముందుగా పాత కాగితాలు సంపాదించండి. మూడు ముఖ్యం: మొదటి ఆపరేషన్‌లో ఏం చేశారో సర్జన్ రాసుకున్న ఆపరేషన్ నోట్స్, తీసిన గడ్డల బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ తర్వాత చేయించుకున్న మొదటి స్కాన్. డిశ్చార్జి సమ్మరీలో సాధారణంగా ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి కాబట్టి అది చాలదు. ఆస్పత్రి మెడికల్ రికార్డుల విభాగంలో దరఖాస్తు పెట్టి పూర్తి నోట్స్ ప్రతి అడగండి. అది రోగికి ఉన్న హక్కు. ఎన్ని గడ్డలు తీశారు, గర్భసంచి లోపలి పొర తెరుచుకుందా, పేగులు ఎక్కడైనా అతుక్కుని ఉన్నాయా అనే మూడు సంగతులు రెండో సర్జన్‌కు చాలా విలువైనవి. ఆపరేషన్ తర్వాతి మొదటి స్కాన్‌లోనే ఒక గడ్డ మిగిలి ఉంటే, ఇప్పుడు కనబడేది కొత్తగా వచ్చినది కాదు, అప్పుడు వదిలేసినదే. అప్పటినుంచి అది ఎంత పెరిగిందో లెక్క చూస్తే మీ గడ్డల స్వభావం కొంతవరకు అర్థమవుతుంది.

2. గడ్డను కాదు, బాధను కొలవండి

ఆపరేషన్ అవసరాన్ని తేల్చేది స్కాన్‌లోని సెంటీమీటర్లు కాదు, మీ రోజువారీ జీవితంలో ఆ గడ్డ చేస్తున్న పని. ఏ బాధా లేని ఫైబ్రాయిడ్‌కు, కొన్ని మినహాయింపులు తప్ప, చికిత్స అక్కరలేదు. ఏడాదికోసారి చూపించుకుంటే సరిపోతుంది. ఇంతకుముందు ఒకసారి బాధపడ్డవారికి స్కాన్ రిపోర్టు చూడగానే భయం కలగడం సహజమే, కాని భయం ఆపరేషన్‌కు కారణం కాకూడదు.

రెండు మూడు నెలలపాటు ఒక చిన్న పుస్తకంలో వివరాలు రాయండి. నెలసరి ఏ తేదీన మొదలై ఏ తేదీన ఆగింది, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చారు, అవి పూర్తిగా తడిశాయా, పది రూపాయల నాణెం కంటే పెద్ద గడ్డకట్టిన రక్తం పడిందా, రాత్రి ప్యాడ్ మార్చుకోవడానికి లేవాల్సి వచ్చిందా, పనికి వెళ్ళలేని రోజులెన్ని, మూత్రానికి ఎన్నిసార్లు వెళ్తున్నారు, మలబద్ధకం, నడుము నొప్పి, భార్యాభర్తల కలయికలో నొప్పి ఉన్నాయా అన్నవి అందులో ఉండాలి. "బ్లీడింగ్ ఎక్కువగా ఉందండీ" అని చెప్పడానికీ, "మూడో రోజున తొమ్మిది ప్యాడ్లు, అందులో ఆరు పూర్తిగా తడిసినవి" అని చూపించడానికీ డాక్టరు గదిలో చాలా తేడా ఉంటుంది.

దీనితోపాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపేది) పరీక్షలు చేయించండి. గర్భవతి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత. 8 కంటే తక్కువైతే అది తీవ్రమైనది. మన ఇళ్లలో చాలామంది స్త్రీలు 8, 9 గ్రాములతోనే ఏళ్ల తరబడి వంటా, పొలమూ, ఉద్యోగమూ నెట్టుకొస్తూ ఆ ఆయాసాన్ని వయసు ప్రభావమని సరిపెట్టుకుంటారు. ఆ అలవాటు మానాలి. గడ్డ చాలా పెద్దదైతే మూత్రనాళాలపై ఒత్తిడి పడి కిడ్నీ వాచిందేమో కూడా స్కాన్‌లో చూడమని అడగండి. అలా వాచి ఉంటే నొప్పి లేకపోయినా చికిత్స వాయిదా వేయకూడదు. ఇందాక చెప్పిన మినహాయింపుల్లో ఇదొకటి.

3. గడ్డ ఎక్కడుందో రిపోర్టులో చదవండి

రిపోర్టులో "సబ్‌మ్యూకస్" అని ఉంటే గడ్డ గర్భసంచి లోపలి పొర కిందినుంచి లోపలికి పొడుచుకొచ్చిందని అర్థం. "ఇంట్రామ్యూరల్" అంటే కండరం మందంలో ఉంది. "సబ్‌సీరస్" అంటే బయటివైపుకు పెరిగింది. ఫీగో అనే అంతర్జాతీయ ప్రసూతి వైద్యుల సమాఖ్య వర్గీకరణ ప్రకారం వీటికి 0 నుంచి 8 వరకు అంకెలు ఇస్తారు. 0, 1, 2 లోపలికి వచ్చినవి, 5, 6, 7 బయటికి పెరిగినవి. మీ రిపోర్టులో ఈ అంకె లేకపోతే డాక్టరును అడిగి రాయించుకోండి.

దీని ప్రాధాన్యం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఒకరికి వెనుక గోడపై బయటివైపున 7 సెంటీమీటర్ల సబ్‌సీరస్ గడ్డ ఉంది. మరొకరికి లోపల 1.8 సెంటీమీటర్ల సబ్‌మ్యూకస్ గడ్డ ఉంది. అంకెలు చూసినవారు మొదటి ఆమె గురించి కంగారుపడతారు. కాని నెలనెలా రక్తం కోల్పోయి హిమోగ్లోబిన్ 7కు పడిపోయే అవకాశం రెండో ఆమెకే ఎక్కువ. పైగా ఆమెకు పొట్టమీద ఒక్క కోత కూడా లేకుండా, హిస్టెరోస్కోపీతో, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో, యోని మార్గం గుండా ఆ గడ్డను తీసి, చాలాసార్లు అదే రోజు ఇంటికి పంపవచ్చు. అలాంటి గడ్డకు గర్భసంచి మొత్తం తీయాలన్న సలహా వస్తే కారణం తప్పకుండా అడగాలి.

4. అది ఫైబ్రాయిడేనా?

ఈ మెట్టును చాలామంది దాటవేస్తారు. అడినోమయోసిస్ అనే మరో జబ్బులో గర్భసంచి లోపలి పొర కణాలు కండరంలోకి చొచ్చుకుపోయి, గర్భసంచి మొత్తం ఉబ్బి, నెలసరిలో తీవ్రమైన నొప్పీ రక్తస్రావమూ కలుగుతాయి. సాధారణ స్కాన్‌లో అది కొన్నిసార్లు ఫైబ్రాయిడ్‌లాగానే కనబడుతుంది. ఫైబ్రాయిడ్‌కు అంచు స్పష్టంగా ఉంటుంది కాబట్టి దాన్ని విడదీసి తీయవచ్చు. అడినోమయోసిస్‌కు అలాంటి హద్దు ఉండదు. మొదటి ఆపరేషన్ జరిగినా నొప్పి తగ్గలేదంటే ఈ అనుమానం ప్రత్యేకంగా రావాలి. రెండో ఆపరేషన్ ఆలోచించేవారికి ఒకసారి ఎమ్మారై ఖర్చు పెట్టడం సబబేనని నా అభిప్రాయం. గడ్డల సంఖ్య, స్థానం, అడినోమయోసిస్ ఉందో లేదో మూడూ అందులో తెలుస్తాయి.

45 ఏళ్లు దాటి అధిక రక్తస్రావం ఉన్నవారికీ, అంతకంటే చిన్నవారైనా అధిక బరువు, పీసీఓఎస్ (నెలసరి క్రమం తప్పే హార్మోన్ల సమస్య) ఉన్నవారికీ లోపలి పొర బయాప్సీ చేసి చూడాలి. ఇక "గడ్డ క్యాన్సర్‌గా మారుతుంది, వెంటనే తీయాలి" అని ఎవరైనా భయపెడితే నిదానించండి. సార్కోమా అనే క్యాన్సర్ అరుదు. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేయించుకున్న వారిలో సుమారు 350 మందిలో ఒకరికి అది బయటపడవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో అంచనా వేసింది. అంతకంటే తక్కువని చెప్పిన పరిశోధనలూ ఉన్నాయి. నెలసరి ఇంకా వస్తున్న వయసులో గడ్డ త్వరగా పెరగడం ఒక్కటే క్యాన్సర్ లక్షణం కాదు.

5. మీ వయసు, పిల్లల విషయం

ఇక్కడ దాపరికం లేకుండా మీతో మీరు మాట్లాడుకోవాలి. పిల్లలు కావాలా, ఇక వద్దా, ఇంకా తేల్చుకోలేదా? మూడోది కూడా సరైన జవాబే, దాన్ని డాక్టరుకు అలాగే చెప్పండి. 46 ఏళ్ల వయసులో మందులతో రక్తస్రావం అదుపులో ఉంటే మెనోపాజ్ వరకు నెట్టుకురావడం తెలివైన పని కావచ్చు, ఎందుకంటే ఆ తర్వాత గడ్డలు వాటంతటవే తగ్గుతాయి. 33 ఏళ్ల వయసులో మెనోపాజ్ కోసం ఎదురుచూడటమంటే పదేళ్లకు మించిన మాట. అక్కడ లెక్క వేరు. ఈ జవాబు అత్తగారిదో, భర్తదో కాకుండా మీదై ఉండాలి.

6. దారులను ఒకదానితో ఒకటి పోల్చండి

మందులు గడ్డను మాయం చేయవు గాని కాలాన్ని సంపాదించి పెడతాయి. నెలసరి రోజుల్లో ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు రక్తాన్ని తగ్గిస్తాయి. లోపల హార్మోన్ విడుదల చేసే లూప్ అనేక సంవత్సరాలు పనిచేస్తుంది, కాని సబ్‌మ్యూకస్ గడ్డవల్ల లోపలి ఆకారం చెడితే జారిపోవచ్చు. లూప్రొలైడ్ ఇంజెక్షన్లు గడ్డను తాత్కాలికంగా కుదిస్తాయి. ఎముకలు బలహీనపడతాయి కాబట్టి వాటిని ఒంటరిగా ఆరు నెలలకు మించి సాధారణంగా వాడరు. యులిప్రిస్టాల్ అనే మాత్రవల్ల కొందరికి తీవ్రమైన కాలేయ నష్టం జరగడంతో యూరప్ మందుల సంస్థ 2020లో దాని వాడకాన్ని బాగా పరిమితం చేసింది. మీకు అది రాస్తే లివర్ పరీక్షల గురించి అడగండి.

రెండోసారి మయోమెక్టమీ పిల్లలు కావాలనుకునే వారికీ, గర్భసంచి ఉంచుకోవాలనుకునే వారికీ ముఖ్యమైన దారి. అయితే ఇది మొదటిసారిలాంటి ఆపరేషన్ కాదు. పాత కోతవల్ల పేగులూ మూత్రాశయమూ గర్భసంచికి అతుక్కుని ఉండవచ్చు. వాటిని విడదీసేటప్పుడు గాయమయ్యే ప్రమాదమూ, రక్తస్రావమూ ఎక్కువ. సిజేరియన్లు జరిగినవారు వాటినీ ఈ లెక్కలో కలపాలి. అతుకులు ఎక్కువగా ఉంటాయని అనుమానం ఉన్నచోట లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) కంటే పొట్ట తెరిచి చేయడమే క్షేమమని ఒక సర్జన్ చెబితే, ఆయన వెనుకబడినవారని అనుకోనక్కరలేదు. లాప్రోస్కోపీలో చేస్తే గడ్డను ముక్కలు చేసి బయటికి తీస్తారు గనుక, ఆ పని సంచిలో పెట్టి చేస్తారా అని అడగండి. అనుకోకుండా అది సార్కోమా అయితే ముక్కలు పొట్టలో చెదరకుండా ఉండటానికే ఆ జాగ్రత్త. అన్నిటికంటే ముఖ్యంగా, రెండోసారి తీశాక కూడా గడ్డలు మళ్ళీ రావచ్చని తెలిసే ఒప్పుకోవాలి. ఐదేళ్లలో గర్భం దాల్చడం, లేదా మెనోపాజ్ వరకు బాధ లేకుండా గడపడం మీ లక్ష్యమైతే ఆ మేరకు అది మంచి నిర్ణయమే.

ఎంబోలైజేషన్‌లో తొడ దగ్గరో మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, గడ్డకు రక్తం అందించే నాళాలను చిన్న రేణువులతో మూసేస్తారు. పొట్టమీద కోత ఉండదు కాబట్టి అతుకులు ఎక్కువగా ఉన్నవారికి ఇది ప్రత్యేకంగా ఆలోచించదగినది. ఫ్రాన్స్‌లో 1995లో దీన్ని ఫైబ్రాయిడ్ల చికిత్సగా మొదట ప్రకటించారు. మొదటి రోజు నొప్పి గట్టిగానే ఉంటుంది. నెదర్లాండ్స్‌లో పదేళ్లపాటు గమనించిన ఒక అధ్యయనంలో, ఎంబోలైజేషన్ చేయించుకున్నవారిలో సుమారు మూడింట రెండు వంతుల మందికి గర్భసంచి తీయాల్సిన అవసరం రాలేదు, మిగతావారికి వచ్చింది. బ్రిటన్‌లో 254 మందితో జరిగి 2020లో వెలువడిన పరీక్షలో ఎంబోలైజేషన్‌తోనూ మయోమెక్టమీతోనూ బాధ తగ్గింది గాని, రెండేళ్ల తర్వాత జీవన నాణ్యత విషయంలో మయోమెక్టమీ కొంత మెరుగ్గా కనబడింది. పిల్లలు కావాలనుకునే వారికి దీన్ని సాధారణంగా మొదటి ఎంపికగా చెప్పరు. దీన్ని చేసేది గైనకాలజిస్టు కాదు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు (ఎక్స్‌రే, స్కాన్ చూస్తూ ఇలాంటి చికిత్సలు చేసే డాక్టరు). అందుకే గైనకాలజీ ఓపీలో మీరు అడగకపోతే ఈ మాట రాకపోవచ్చు.

గర్భసంచి తీసే హిస్టెరెక్టమీ ఒక్కటే ఫైబ్రాయిడ్లు మళ్ళీ రావన్న హామీ ఇవ్వగలదు. పిల్లలు ఇక వద్దనుకుని, మందులు పనిచేయక, ఏళ్ల తరబడి రక్తం కోల్పోతున్న స్త్రీకి అది నిజమైన విముక్తి. దానికి సిగ్గుపడాల్సిందీ, ఆడతనం పోతుందని దిగులుపడాల్సిందీ ఏమీ లేదు. నా ఆందోళన మరోచోట ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద సుమారు 3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9, తెలంగాణలో సుమారు 8 శాతం. మన స్త్రీలకు మాత్రమే మూడింతల జబ్బు ఉందనడానికి వైద్యపరమైన ఆధారం లేదు. అనవసరపు హిస్టెరెక్టమీలను ఆపడానికి కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించిందంటే సమస్య ఎంత పెద్దదో ఊహించవచ్చు.

7. అండాశయాల గురించి విడిగా అడగండి

"అన్నీ తీసేస్తాం" అనే మాట వినబడితే అక్కడే ఆగండి. మెనోపాజ్‌కు ముందే రెండు అండాశయాలూ తీసేస్తే ఆ రోజే మెనోపాజ్ వచ్చినట్టు: ఒళ్లంతా వేడి ఆవిర్లు, నిద్రలేమి, ఆ తర్వాతి ఏళ్లలో ఎముకల బలహీనత, గుండెజబ్బు ముప్పు. ఫైబ్రాయిడ్‌కు అండాశయాలు తీయాల్సిన అవసరం లేదు. వాటిలో జబ్బు ఉన్నా, కుటుంబంలో జన్యుపరమైన క్యాన్సర్ ముప్పు తేలినా అది వేరే సంగతి. ఫలోపియన్ నాళాలు తీసి అండాశయాలు ఉంచడం మాత్రం అండాశయ క్యాన్సర్ ముప్పును తగ్గిస్తుంది కాబట్టి దానికి ఒప్పుకోవచ్చు. గర్భాశయ ముఖద్వారం ఉంచితే ఆ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పాప్ పరీక్షలు కొనసాగించాలి.

8. రెండో అభిప్రాయం, సంతకం

పై వివరాలన్నీ ఒక ఫైలులో పెట్టుకుని మరో గైనకాలజిస్టును, వీలైతే మొదటి ఆస్పత్రితో సంబంధం లేనివారిని కలవండి. మొదటి డాక్టరు ఏమి చెప్పారో ముందే చెప్పకండి. కాగితాలు చూపి వారి మాట వినండి. ఆ తర్వాత ఇలా అడగండి: నా బాధకు కారణం కచ్చితంగా ఈ గడ్డేనా? ఆరు నెలలు ఆగితే ఏం నష్టం? ఇలాంటి రెండోసారి ఆపరేషన్లు మీరు తరచుగా చేస్తారా? మయోమెక్టమీ మధ్యలో రక్తస్రావం ఆగకపోతే ఏం చేస్తారు?

చివరి ప్రశ్నకు జవాబు సంతకానికి ముందే తేలాలి. ప్రాణాపాయంలో తప్ప గర్భసంచి తీయడానికి మీరు ఒప్పుకోకపోతే ఆ వాక్యాన్ని అంగీకార పత్రంలో రాయించండి. పరీక్ష కోసం మాత్రమే ఒప్పుకున్న స్త్రీకి, ఆమె మత్తులో ఉండగా తల్లి అంగీకారంతో గర్భసంచీ అండాశయాలూ తీసేసిన కేసులో, ఆ అంగీకారం చెల్లదని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రాణాపాయం లేనప్పుడు మేజరైన స్త్రీ శరీరం గురించి సంతకం పెట్టాల్సింది ఆమే. పత్రం మీకు వచ్చిన భాషలో లేకపోతే తెలుగులో చదివి వినిపించమని అడగండి.

ఖర్చు విషయంలో ఏ ఆపరేషన్ ప్రభుత్వ పథకం కింద, ఏ ఆస్పత్రిలో వర్తిస్తుందో నెట్‌వర్క్ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. ప్రైవేటు బీమా పాలసీల్లో చాలావాటికి ఫైబ్రాయిడ్లు, హిస్టెరెక్టమీలపై రెండేళ్ల నిరీక్షణ కాలం ఉంటుంది.

9. ఆపరేషన్ నిర్ణయమైతే

అత్యవసరం కానప్పుడు రక్తహీనతతో ఆపరేషన్ టేబుల్ ఎక్కకండి. ఐరన్ మాత్రలకు నెలలు పడుతుంది. సెలైన్‌లో ఇచ్చే ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ 1,000 మిల్లీగ్రాములను ఒకేసారి ఎక్కించవచ్చు, మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ పెరుగుతుంది. ఈలోగా రక్తం ఆగడానికి మాత్రలు వాడవచ్చు. మయోమెక్టమీ అయితే రక్తం సిద్ధంగా ఉందా అని ముందురోజే కనుక్కోండి. గడ్డ కుదించడానికి ముందుగా ఇంజెక్షన్లు ఇస్తే చిన్న గడ్డలు సర్జన్ చేతికి తగలకుండా మిగిలిపోవచ్చు కాబట్టి, వాటి అవసరం మీ విషయంలో ఎంతో అడగండి.

పొట్ట తెరిచి చేస్తే కోలుకోవడానికి సుమారు ఆరు వారాలు, లాప్రోస్కోపీకి రెండు మూడు వారాలు, హిస్టెరోస్కోపీకి కొద్ది రోజులు పడుతుంది. ఆ ఆరు వారాలు నీళ్ల బిందెలు, గ్యాస్ సిలిండర్ ఎవరు మోస్తారో ముందే ఇంట్లో తేల్చుకోండి. జ్వరం, కుట్ల దగ్గర చీము, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి, ఆయాసం కనిపిస్తే రివ్యూ తేదీ కోసం ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. బయాప్సీ రిపోర్టు మీ చేతికి వచ్చేవరకు అడుగుతూనే ఉండండి. మయోమెక్టమీ తర్వాత గర్భం కోసం ఎన్ని నెలలు ఆగాలో, కాన్పు సిజేరియన్‌గానే జరగాలో లేదో సర్జన్‌తో రాయించుకుని, గర్భం నిలిచిన వెంటనే ఆ కాగితాన్ని ప్రసూతి డాక్టరుకు చూపించండి; గర్భసంచి గోడ లోతుగా కోసి కుట్టినవారికి నొప్పులు మొదలయ్యాక కుట్టు విడిపోయే ప్రమాదం, తక్కువే అయినా, ఉంటుంది.